మునిరత్నమ్మ గరిక నాటిన ఏడు

మునిరత్నమ్మ పుట్టింది కుప్పం పక్క, మెట్టింది పుంగనూరు పక్క, తోటమాలి అయింది మదనపల్లెలో. అయింది అనకూడదు లెండి, ఆ పని వచ్చి ఆమె నెత్తిన పడింది. డెబ్బై అయిదో సంవత్సరం దీపావళికి ముందు ఆమె మొగుడు పెద్దన్న మూడు రోజుల జ్వరంతో పోయాడు. మదనపల్లెలో ఒక సర్కారు బంగళాకు అతను మాలి. పద్దెనిమిదేళ్ళు ఆ తోటను పెంచిన మనిషి, సంతరోజుకొకసారి పల్లెకు వచ్చి పోతూ, ఒక్క మొక్క పేరైనా పెళ్ళాం చెవిన వేసిన పాపాన పోలేదు. వేసి ఉంటే ఈ కథే లేదు.

దినాలు అయిన మర్నాడు మేస్త్రీ ఈశ్వరప్ప పల్లెకు వచ్చాడు. బంగళా పనీ, ఆ చుట్టుపక్కల రోడ్ల పనీ చూసేది అతనే. మంచివాడే, కాకపోతే గొంతు తగ్గించి మాట్లాడటం చేతకాదు. చావింటికి వచ్చి కూడా ఊరంతా వినబడేట్టు చెప్పాడు.

"ఇదోమ్మా మునిరత్నమ్మా, ఇంజనీరు సారు పెద్ద మనసు సేసినాడు. నీ మొగుని పని నీకిస్తాడంట. ఆర్నెల్లు సూస్తారు. తోట బాగుంటే పర్మినెంటు. లేదంటే నీ దావ నీది. బంగళా యెనకుండే రూము గూడా అంతే. పని ఉంటే రూము, పని పోతే రూమూ పోతాది."

"నాకేం తెలుసప్పా తోట? సెనక్కాయ సేన్లో కలుపు దీసేదాన్ని."

"మొక్కే గదమ్మా! సెనక్కాయ సెట్టు మొక్క గాదా?"

ఈ ఒక్క మాట ఆమె కొంప ముంచింది. మునిరత్నమ్మ మేస్త్రీ మాట నిజమేననుకుంది. మనం పెంచేది మొక్క, దాని పక్కన మొలిచేది కలుపు. కలుపు పీకితే మొక్క బాగుంటుంది. ఇరవై ఏళ్ళుగా ఆమెకు తెలిసిన చదువు అదొక్కటే, అందులో ఆమెను మించిన చెయ్యి ఆ చుట్టుపక్కల లేదు.

అత్త గంగులమ్మకు ఒక కంట్లో పొర. రెండో కంటితో లోకంలోని తప్పులన్నీ చూస్తూ ఉంటుంది. "పోదాం పా కోడలా. ఈడ కప్పు కారతాండాది. ఆడ మిద్దంట. సచ్చేలోపల మిద్దె కింద పండుకోని సూస్తా," అంది. కుప్పం పక్కన మునిరత్నమ్మకు తమ్ముడొకడు ఉన్నాడు గానీ, వాడి ఇంట్లో వాడి పిల్లలు పడుకోవడానికే చోటు లేదు. కాబట్టి వెళ్ళడం ఖాయమైంది. రెండు మూటలు, ఒక రాతి రోలు, గంగులమ్మ, అందరూ కలిసి బస్సెక్కారు.

మర్నాడు పొద్దున ఈశ్వరప్ప తోట చూపించాడు. చూపించడమంటే, చెయ్యి ఇటునుంచి అటు ఒకసారి ఊపాడు. "పెద్దన్న పడకేసినప్పట్నుంచి సూసే దిక్కు లేదు. కలుపు లేకుండా సూసుకో. సోమారం సారొస్తాడు," అని పెద్దమండ్యం రోడ్డు పని మీద వెళ్ళిపోయాడు.

మునిరత్నమ్మ నడుముకు చెంగు చుట్టి బంగళా ముందుకొచ్చి చూసింది. చూసి నోరు నొక్కుకుంది. గేటు దగ్గర నుంచి వరండా మెట్ల దాకా, రెండు మళ్ళంత చోటు, ఒకటే గరిక! చేనెడు గరిక! నేల కనబడకుండా అల్లుకుపోయి ఉంది. పాపం మొగుడు, ఒంట్లో బాగాలేక ఎంత వదిలేశాడో అనుకుంది. పదిమంది పెద్దోళ్ళు వచ్చే చోటు ఇట్లా బీడు పెట్టి పోయాడే, ఎవరైనా చూస్తే చచ్చినవాణ్ణి ఎంత మాట అంటారు అని ఆమెకు సిగ్గేసింది. మొగుడి పరువు కాపాడాలని ఒక మూలన గొంతుక్కూర్చుంది.

మూడు రోజులు పీకింది. పైపైన కాదు, వేరుతో సహా, కణుపు కణుపు మట్టి దులిపి కుప్ప వేసింది. దారిన పోయే ఎద్దుల బండ్లవాళ్ళకు ఆ కుప్పలు ఎత్తిచ్చింది. వాళ్ళు దండం పెట్టి తీసుకుపోయారు. ఆ తర్వాత చోటంతా ఊడ్చి, పేడనీళ్ళు చల్లి, మధ్యలో ముగ్గు కూడా వేసింది. కళ్ళం మాదిరి నిగనిగలాడింది నేల. గంగులమ్మ ఒంటికంటితో చూసి, "ఇప్పుడు గదా ఇల్లు మాదిరుండాది!" అని మెచ్చుకుంది. ఆమె మెచ్చుకోవడం అరుదు, మునిరత్నమ్మకు కడుపు నిండింది.

ఆదివారం మధ్యాహ్నం ఈశ్వరప్ప వచ్చాడు. గేటు దగ్గరే ఆగిపోయాడు. వేరే బంగళాకు వచ్చానా అన్నట్టు వెనక్కి తిరిగి రోడ్డు చూసుకున్నాడు.

"గడ్డి యాడమ్మా?"

"పీకేసినానప్పా. ఒక్క వేరు గూడా లేదు, యాడన్నా తవ్వి సూడు!"

ఈశ్వరప్ప నెత్తి మీద తువ్వాలు తీసి, మళ్ళీ వేసుకుని, గేటు పక్కనే కూలబడ్డాడు. ఎప్పుడూ అరిచే మనిషి మొదటిసారి గొంతు తగ్గించాడు. "అమ్మా... సాయంత్రం సార్లు కుర్సీలేసుకోని కూసునే గడ్డి అది. నీ మొగుడు పద్దెనిమిదేండ్లు నీల్లు పోసి పెంచినాడు."

"గరికనా?"

"గరికనే!"

"నీల్లు పోసినాడా?"

"పోసినాడు! రోజుకు నలభై బక్కెట్లు! పోసి, కత్తిరించి, మళ్ళీ పోసినాడు!"

మునిరత్నమ్మకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. సంతరోజు ఇంటికొచ్చి నడుం నొప్పి, నడుం నొప్పి అని మూలిగేవాడు మొగుడు. ఆమె నూనె మర్దన చేసేది. గరికకు నీళ్ళు తోడి నడుం పడగొట్టుకున్నాడా ఆ మనిషి? ఇదేం ఉద్యోగం? ఇదేం సర్కారు? "తప్పైపోయిందప్పా," అంది చేతులు కట్టుకుని. ఏం తప్పో ఆమెకు పూర్తిగా అంతుపట్టలేదు గానీ, ఏది జరిగినా తప్పైపోయింది అనడం కూలిమనిషికి పాలతో వచ్చిన మాట.

సారు కాలూ చెయ్యీ పట్టుకుని ఈశ్వరప్ప తనిఖీ వాయిదా వేయించాడు. "గడ్డి మళ్ళీ నాటు," అన్నాడు.

"కలుపు నాటేదా?"

"నాటు తల్లీ. నాటకుంటే నీతో పాటు నా పని గూడా పోతాది."

గరిక ఎక్కడ దొరుకుతుందో ఆమెకు తెలియనిదా? మర్నాడే బస్సెక్కి పల్లెకు పోయి, కృష్ణప్ప చేని గట్టున నిలబడింది. కృష్ణప్ప అంటే ఆ ఊళ్ళో పొలాలున్న ఆసామి. ఆమె ఇరవై ఏళ్ళు కలుపు తీసింది అతని చేలోనే.

"ఏమ్మా, మదనపల్లె ఉద్యోగస్తురాలా! మళ్ళీ కూలికొస్తివా?" అన్నాడు కృష్ణప్ప.

"కూలికి కాదప్పా. కొంచెం గరిక కావల్ల."

"ఏం కావల్ల?"

"గరిక. వేర్లతో."

కృష్ణప్ప నవ్వాడు. నవ్వి నవ్వి దగ్గొచ్చి, దగ్గి దగ్గి కళ్ళు తుడుచుకున్నాడు. చేలో ఉన్న ఆడకూలీలంతా నడుములెత్తి ఏమిటా అని చూశారు. "ఇరవై ఏండ్లు దాన్ని పీకేదానికి నీకు కూలిస్తినే! ఇప్పుడు దాన్నే అడుక్కోను వస్తివా? పీక్కో తల్లీ, ఎంత కావల్నంటే అంత పీక్కో. ఒక్క వేరు మిగిల్నా ఊరుకోను సూడు!" అన్నాడు. కూలీలు కూడా వచ్చి సాయం పట్టి, వెక్కిరిస్తూనే మూడు గోతాలు నింపిచ్చారు. ఆ రోజు కృష్ణప్ప చేను ఊరికే కలుపు తీయించుకుంది.

బస్సులో కండక్టరు మూటలు చూసి, "ఏందిమ్మా అవి?" అన్నాడు.

"గరిక."

"మేకలకా?"

"సర్కారుకు," అంది మునిరత్నమ్మ. బస్సంతా గొల్లుమంది.

నాటింది. రాగినారు నాటినట్టు వరస తప్పకుండా, జానకొక కుదురు చొప్పున నాటింది. ఈశ్వరప్ప వచ్చి ఇది తోటా, రాగిమడా అని తల కొట్టుకున్నాడు. అయినా గరిక కదా, దానికి వరసలూ వావులూ ఏం తెలుసు, సంక్రాంతి దాటేసరికి ఒకదాన్నొకటి పట్టుకుని నేలంతా పాకింది. రోజూ నలభై బక్కెట్లు తోడి పోస్తూ, దాన్ని చూసినప్పుడల్లా ఆమె వేళ్ళు పీకడానికే పోయేవి. చేతులు వెనక్కి కట్టుకుని నడిచేది. నవ్వులాట కాదు, నిజం.

గరిక కుదుటపడిందనుకుంటే రోజాలు మొదలుపెట్టాయి. బంగళా పక్కన పన్నెండు అంటు రోజాలు ఉన్నాయి, సారు బెంగుళూరు నుంచి తెప్పించినవి. మునిరత్నమ్మ వాటిని జాగ్రత్తగా చూసుకుంది. మొదలు దగ్గర నుంచి ఒక చిగురు కర్రలాగా బలంగా లేచేది. పైకొమ్మ మాత్రం బక్కచిక్కి, రెండాకులతో వేలాడేది. రాగిచేలో ఏం చేస్తాం? బక్కవి తీసి బలమైనవి ఉంచుతాం. ఆమె అదే చేసింది. పన్నెండింటిలో ఎనిమిదింటికి పైకొమ్మలు నున్నగా కోసేసింది. కిందివి ఏపుగా, మనిషెత్తు లేచాయి. ముళ్ళు చూస్తే ముచ్చటేసేది, ఏ మేకా దగ్గరికి రాదు. పువ్వు మాత్రం ఒక్కటీ లేదు.

"పైకొమ్మ యాడమ్మా?" అన్నాడు ఈశ్వరప్ప. ఈ ప్రశ్న ఆమె ఇంతకుముందు విన్నదే. యాడ అన్నాడంటే ఏదో మునిగినట్టే.

"బక్కగుండాదని కోసేసినానప్పా."

"కింద లేసేది నాటుకంపమ్మా! దానికి పువ్వు రాదు, సావు రాదు. పైన అంటు కట్టింది గదా రోజా. ఆ బక్కదే అసలుది!"

తప్పైపోయిందప్పా అని, ఆమె మెట్ల మీద కూర్చుని ఆలోచించింది. ఎంత ఆలోచించినా బుర్రకెక్కలేదు. ఇక్కడ బక్కది అసలుదట, బలమైంది పనికిరానిదట. ఎవరూ తినని గడ్డికి నలభై బక్కెట్లట. బట్టలుతికే బండ పక్కన ఒక టమోటా మొక్క దానంతటది మొలిచి ఎనిమిది కాయలు కాస్తే, అది మాత్రం కలుపట, సారు కంట పడకుండా పీకెయ్యాలట! కాయలున్న మొక్కను పీకడానికి ఆమెకు చేతులు రాలేదు. కళ్ళు మూసుకుని పీకింది. ఆ కాయలు పచ్చడి నూరితే గంగులమ్మ సంగట్లో నంజుకుని, "సర్కారు కలుపు బాగుండాది," అని చప్పరించింది.

మిగిలిన నాలుగు రోజాలతో మునిరత్నమ్మ కొత్త పద్ధతి పట్టింది. ఎవరి మాటా నమ్మలేదు, తన తెలివినైతే అసలు నమ్మలేదు. ఒకదానికి కింది చిగురు తీసేసి ఎర్ర గుడ్డపీలిక కట్టింది. ఒకదానికి సగం తీసి పసుపు పీలిక. ఒకదాన్ని ముట్టుకోలేదు. నాలుగోదానికి గొర్రెల ఎరువు పచ్చిది దోసిళ్ళతో పోసింది. ఎరువు పోసింది వారానికే మాడి చచ్చింది. ముట్టుకోనిది కంపయింది. ఎర్ర పీలికది శివరాత్రి ముందు ఒక్క పువ్వు పూసింది, అరచెయ్యంత. గంగులమ్మ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి వాసన చూపించింది. మూడున్నర నెలల్లో ఆ తోటలో ఆమెకు అర్థమైంది ఆ ఒక్క పువ్వే.

ఇంక రెండున్నర నెలలు గడిస్తే చాలు. గరిక పచ్చగా ఉంది, సారు వస్తాడు, చూస్తాడు, పని ఖాయం, మిద్దె ఖాయం. ఇట్లా వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ ఉండగా ఎండలు ముదిరాయి. ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. వెనక వీధిలో చేదబావి అడుగంటింది, దాని తర్వాత బోరింగు గాలి కొట్టింది. బంగళా బావి లోతైనది, రాయి కట్టడం, అందులో మాత్రం నీళ్ళున్నాయి. రోజుకు నలభై బక్కెట్లు తోడితే మర్నాటికి మళ్ళీ నలభై బక్కెట్లు ఊరేవి. అంతకు మించి ఒక చెంబెక్కువ కాదు.

ఒకరోజు పొద్దున వసంతమ్మ గోడ దగ్గరికొచ్చింది. వెనక వీధిలో మగ్గం నేసేవాళ్ళ ఇంటామె. చంకలో ఒక బిందె, చేతిలో ఒక బిందె.

"రత్నమ్మా, ఆ గడ్డికి పోసేదాంట్లో రెండు బిందెలియ్యి. కూతురు బాలింత, పసిబిడ్డకు గుడ్డలుతికేదానికి గూడా లేవు."

"సారు ఒప్పుకోడమ్మా. బయటోల్లను లోపలికి రానీయొద్దని మేస్త్రీ సెప్పినాడు."

వసంతమ్మ తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. బిందెలు కింద పెట్టి, గోడవతల నిలబడి, మునిరత్నమ్మ బక్కెట్టు తర్వాత బక్కెట్టు గరిక మీద కుమ్మరించడం చూస్తూ ఉండిపోయింది.

మునిరత్నమ్మకు ఆ నిలబడటం తెలుసు. పల్లెలో కృష్ణప్ప బావి దగ్గర ఆమె వాడవాళ్ళు చేద ముట్టకూడదు. కుండ దూరంగా పెట్టి, ఎవరైనా తోడి పోసేదాకా నిలబడాలి. అడిగితే కసురుతారు, అడక్కపోతే మరిచిపోతారు. ఎన్ని పొద్దులు నిలబడిందో ఆమెకే తెలియదు. ఈ బంగళాకు వచ్చిన మొదటి రోజు తన చేత్తో గిలక తాడు పట్టుకుని నీళ్ళు తోడుకున్నప్పుడు, ఎవరైనా అరుస్తారేమోనని రెండుసార్లు వెనక్కి చూసింది. అట్లాంటి మనిషి ఇప్పుడు గోడకు లోపలివైపు ఉంది.

"ఏం సెయ్యల్ల అత్తా?" అని అడిగింది గంగులమ్మను.

"నన్నడగతావా? ఆ గడ్డి ఎండిందంటే నన్ను రూములోంచి ఈడ్సేస్తారు. ఒక్క సుక్క గూడా ఇయ్యొద్దు!" అంది గంగులమ్మ. మళ్ళీ రెండు నిమిషాలకే, "అయినా బాలింత ఉండే ఇంటికి నీల్లు లేవని సెప్పినావా? థూ, నువ్వూ ఒక మనిసివేనా!" అంది.

ఇయ్యమందో వద్దందో చెప్పగల మొనగాడు ఇంకా పుట్టలేదు.

మునిరత్నమ్మ రోజాల పద్ధతే పట్టింది. సగం గరికకు, సగం గోడవతలికి. మొదటి రోజు వసంతమ్మ ఒక్కతే. మూడో రోజుకు ఏడుగురు. వారానికి పధ్నాలుగు మంది వరసలో బిందెలు. సగం నీళ్ళు వాళ్ళకు చాలలేదు, మిగతా సగం గరికకూ చాలలేదు. అక్కడక్కడా పసుపు తిరిగింది. ఉగాది దాటింది. ఇంక ఏదో ఒకటి తేల్చుకోక తప్పదు.

ఆ మధ్యాహ్నం ఆమె పసుపు తిరిగిన గరిక పక్కన గొంతుక్కూర్చుని, జీవితంలో మొదటిసారి దాన్ని పీకడానికి కాకుండా చూడటానికి చూసింది. దీని సంగతి తనకు తెలియనిదా? కృష్ణప్ప చేలో పీకి గట్టు మీద పారేసిన గరిక ఎండాకాలమంతా ఎండి, తాడై, బూడిద రంగుకు తిరిగేది. తొలకరి పడిందా, అదే తాడులోంచి పచ్చటి ముక్కు బయటపెట్టేది. ఇరవై ఏళ్ళు ఎంత తిట్టుకుంది దాన్ని! చావు లేని ముండ అని ఎన్నిసార్లు ఉమ్మేసింది! చావు లేనిదానికి నీళ్ళెందుకు? కానీ ఇది పల్లె మట్టి కాదు కదా, బంగళా మట్టి. ఇక్కడ ఏదీ తను అనుకున్నట్టు జరిగింది లేదు కదా. బలమైంది పనికిరాదనే చోట, చావనిది కూడా చస్తుందేమో? ఆమెకు తెలియలేదు. తెలియకుండానే లేచి, గోడ దగ్గరికి పోయి, "వసంతమ్మా, రేపట్నుంచి నలభై బక్కెట్లూ మీకే. కొట్లాడుకోకుండా పంచుకోండి," అంది.

నెల తిరిగేసరికి బంగళా ముందర గడ్డి ఎండుకసువు రంగుకొచ్చింది. అంట్లు కడిగిన నీళ్ళతో ఎర్ర పీలిక, పసుపు పీలిక రోజాలు మాత్రం ఎట్లాగో ప్రాణం పట్టుకున్నాయి. పెద్దమండ్యం పని ముగించుకుని వచ్చిన ఈశ్వరప్ప చూసి మొత్తుకున్నాడు.

"ఇరవై ఎనిమిదో తేదీ సారొస్తాడు. ఒగే ఒగ మాట సెప్పు. బావిలో నీల్లు లేవు సార్, అని. ఆయన తొంగి సూడడు, నాకు తెలుసు. ఇంగేమీ మాట్లాడొద్దు. సెప్పు, ఒగసారి సెప్పు సూస్తా."

"బావిలో నీల్లు లేవు సార్."

"ఆ! అట్లనే!"

ఇరవై ఎనిమిదో తేదీ పొద్దున జీపు వచ్చింది. ఇంజనీరు నారాయణస్వామి సారు పొట్టిగా, కళ్ళద్దాలతో, బడిపంతులు మాదిరి ఉన్నాడు. గేటు నుంచి వరండా దాకా గడ్డి మీదే నడిచాడు. బూట్ల కింద అది కరకరలాడింది.

"ఏమ్మా, ఇదేనా తోట?"

"బావిలో నీల్లు... నీల్లు లేవు సార్."

సారు నేరుగా బావి దగ్గరికి నడిచాడు. తొంగి చూడడన్నవాడు తొంగి చూశాడు. చాలక చేద వదిలాడు. గిలక గిరగిర తిరిగి, కింద బుడుంగుమంది. తనే లాగాడు, నిండు చేద పైకొచ్చింది. ఆ రోజు సారు వస్తాడని వీధివాళ్ళు ఎవరూ రాలేదు మరి! ఈశ్వరప్ప తన చెప్పులకేసి చూసుకుంటూ నిలబడ్డాడు.

"తప్పైపోయింది సార్," అంది మునిరత్నమ్మ. "నీల్లుండాయి. నేనే పొయ్యలేదు. దినామూ ఈది ఆడోల్లకు ఇచ్చేసినా."

"ఎవరినడిగి ఇచ్చావు?"

"ఎవుర్నీ అడగలేదు సార్."

"గడ్డంతా చచ్చిపోయింది కదమ్మా."

"సావదు సార్!" అంది ఆమె. అన్న తర్వాత గానీ సారు ముందు గొంతు పెంచానని ఆమెకు తెలియలేదు. గబుక్కున గొంతుక్కూర్చుని, ఎండిన నేలలో వేళ్ళు గుచ్చి, ఒక వేరు లాగి కణుపు దగ్గర విరిచి చూపించింది. లోపల తెల్లగా ఉంది. "ఇరవై ఏండ్లు దీన్ని సంపేదానికే కూలి తీసుకున్నా సార్. ఒక్క ఏడు గూడా సావలా. వానొస్తే లేస్తాది. మనిసి అట్ల లేవడు గదా సార్."

"వాన రాకపోతే?"

మునిరత్నమ్మ ఆలోచించింది. "తెల్దు సార్," అంది.

సారు వరండాలో కుర్చీలో కూర్చుని నీళ్ళు అడిగాడు. లోటాతో తెచ్చిచ్చింది. తాగాడు. ఏదో కాగితం మీద రాసుకున్నాడు, కళ్ళద్దాలు తుడుచుకున్నాడు, జీపెక్కి వెళ్ళిపోయాడు. ఉండమనలేదు, పొమ్మనలేదు.

పన్నెండు రోజులు ఏ కబురూ లేదు. వాన కూడా లేదు, ఒక్క చినుకు పడలేదు. గరిక అట్లాగే ఎండి పడి ఉంది. మునిరత్నమ్మ మూటలు కట్టి తలుపు వెనక పెట్టింది. రోడ్డు మీద జీపు చప్పుడైతే చాలు, "వచ్చినారా కోడలా, ఈడ్సేదానికి?" అని గంగులమ్మ మంచం పట్టె గట్టిగా పట్టుకునేది. వీధి ఆడవాళ్ళు మాత్రం పొద్దున్నే వస్తూనే ఉన్నారు. ఎట్లాగూ పోయేదే కదా అని మునిరత్నమ్మ గేటే తెరిచిపెట్టింది.

పదమూడో రోజు ఈశ్వరప్ప సైకిలు దిగాడు. చేతిలో కాగితం. "ఆఫీసులో నకలిచ్చినారు. సారు రాసింది. కూసో, సదువుతా," అన్నాడు. ఆమె కూర్చోలేదు. తలుపు పట్టుకుని నిలబడింది. ఈశ్వరప్ప గొంతు సవరించుకుని, బజారంతా వినబడేట్టు చదివాడు.

"తోట పూర్తిగా ఎండిపోయి ఉన్నది. ఇందులో మాలి తప్పు ఏమియు లేదు. ఈమెను పనిలో ఖాయపరచవచ్చును. పుంగనూరు బంగళాలో ఖాళీగా ఉన్న మాలి పనికి పంపవచ్చును."

"ఉండమన్నారా, పొమ్మన్నారా? అది సెప్పండి ముందు!" అని లోపల్నుంచి గంగులమ్మ అరిచింది.

"ఉండమన్నారమ్మా! పర్మినెంటు! ఆడ గూడా రూముండాది, మిద్దే!" అని అంతకంటే గట్టిగా అరిచాడు ఈశ్వరప్ప. గంగులమ్మ కొడుకు పేరు పెట్టి ఏడ్వడం మొదలుపెట్టింది. అది సంతోషమో దుఃఖమో ఆ తల్లికే తెలియాలి.

మునిరత్నమ్మ మాత్రం కదలలేదు. ముఖంలో సంతోషం లేదు, ఒకటే అయోమయం. "సారు తప్పు రాసినాడప్పా," అంది.

"ఏంది?"

"నా తప్పు లేదని యాల రాసినాడు? ఎండేసింది నేనే గదా. ఎవుర్నీ అడక్కుండా నీల్లిచ్చింది నేనే గదా. ఎవురో సారుకు సరిగ్గా సెప్పినట్ల లేదు. నువ్వు పోయి సెప్పప్పా, రేపు తెలిస్తే ఆయనకు మాటొస్తాది."

"అమ్మా తల్లీ! నీకు దండం పెడతా, నోరు మూసుకో! ఆయనకు అన్నీ తెలుసు! నువ్వే గదా ఎదురుగ్గా నిలబడి సెప్పింది! తెలిసే రాసినాడు!"

"తెలిసే రాసినాడా?"

"తెలిసే!"

ఆమె తలుపు వదిలి గడప మీద కూర్చుంది. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి. చేలో చెనక్కాయ మిగిలినా, దూడ తాడు తెంపుకున్నా, వాన తొందరగా వచ్చినా, మొగుడికి జ్వరం ముదిరినా, తప్పు మునిరత్నమ్మదే. ఆమె తప్పు లేదని కాగితం మీద కాదు కదా, నోటిమాటగా కూడా అంతవరకు ఒక్కరు అన్న పాపాన పోలేదు. బావి దగ్గర వసంతమ్మ బిందె నింపుకుంటున్న చప్పుడు వినబడుతోంది. ఈశ్వరప్ప కాగితం మడిచి జేబులో పెట్టబోయాడు.

"ఉండప్పా," అంది మునిరత్నమ్మ. చెంగుతో ముఖం తుడుచుకుంది. "పర్మినెంటు సంగతి వద్దులే. ఆ రెండో మాట ఒగటి మళ్ళీ సదువు."